‘ఊరి నడిబొడ్డున, మంచి ఫ్యామిలీకి’: ప్లాట్ల ప్రకటనల్లో పలకని కులం

“ఊరి నడిబొడ్డున, మెయిన్ రోడ్డుకు ఆనుకొని, తూర్పు ఫేసింగ్, నూరు శాతం వాస్తు, క్లియర్ టైటిల్, స్పాట్ రిజిస్ట్రేషన్. మంచి ఫ్యామిలీలకు మంచి అవకాశం.”

ఇది ఏ ఒక్క కంపెనీ ప్రకటనా కాదు. అల్లూరు, కావలి, నెల్లూరు చుట్టుపక్కల ఫ్లెక్సీల మీద, కరపత్రాల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, ఫోన్ యాప్‌లలో పదే పదే కనబడే మాటలను మేము ఒక వరుసలో పేర్చాం. ఇందులో కులం అన్న మాట ఎక్కడా లేదు. అయినా ఈ నాలుగు ముక్కలు చదివిన ఎవరికైనా ఆ స్థలం ఎవరి కోసమో, ఎవరి కోసం కాదో అర్థమైపోతుంది. కులం పేరు రాయకుండానే కులాన్ని చెప్పగల భాష ఒకటి తయారైంది. ఆ భాషను విప్పి చూడడమే ఈ వ్యాసం పని. విప్పాక దాన్ని చట్టం ముందు ఎలా నిలబెట్టాలో కూడా చర్చిస్తాం.

ఈ చర్చ ఇప్పుడే ఎందుకు? నెల్లూరు తీరంలో నేల ధర కదిలింది. రామాయపట్నం ఓడరేవుకు 2022 జులైలో భూమిపూజ జరిగింది. 2024 డిసెంబరులో బీపీసీఎల్ అక్కడి రిఫైనరీ ముందస్తు పనులకు 6,100 కోట్ల రూపాయల ఖర్చుకు ఆమోదం తెలిపింది. జువ్వలదిన్నెలో చేపల రేవు కట్టారు. దగదర్తి విమానాశ్రయం మాట మళ్లీ ముందుకొచ్చింది. వీటి మధ్యలో ఉంది అల్లూరు. వరి మళ్లు, రొయ్యల గుంటలు, ఇసకపల్లి ఉప్పు కొటార్లు ఉన్న ఈ మండలంలో నిన్నటిదాకా ఎకరాల్లో మాట్లాడుకున్న నేలను ఇవాళ అంకణాల్లో బేరమాడుతున్నారు. నేల చేతులు మారే కాలంలోనే కులం కూడా తన హద్దులు మళ్లీ గీసుకుంటుంది. ఆ గీతలు మొదట పడేది ప్రకటనల్లోనే.

‘ఊరు’ అంటే ఎవరి ఊరు?

‘ఊరి నడిబొడ్డున’ అన్న మాటతో మొదలుపెడదాం. నెల్లూరు తీరంలో ఒక రెవెన్యూ గ్రామం అంటే ఒక్క ఊరు కాదు. ఊరు ఉంటుంది. దానికి ఎడంగా మాలపల్లె, మాదిగపల్లె ఉంటాయి. కాగితాల్లో హరిజనవాడ, అరుంధతీయవాడ, ఎస్సీ కాలనీ అని రాస్తారు. చెరువు కట్ట మీదో కాలవ గట్టు మీదో యానాదుల గుడిసెలు ఉంటాయి, వాటి పేరు గిరిజన కాలనీ. సముద్రం వైపు పట్టపుపాళేలు ఉంటాయి. పల్లెలో పుట్టిన మనిషి కొట్టుకు పోవాలంటే ఇవాళ్టికీ “ఊళ్లోకి పోయొస్తా” అంటాడు. అంటే తానున్నది ఊరు కాదని అతనికి భాషే నేర్పింది. చండాలుల నివాసం గ్రామం వెలుపలే ఉండాలని మనుస్మృతి పదో అధ్యాయం శాసించింది. ఆ శాసనాన్ని చదవనివాళ్లు కూడా దాన్ని నాలుక మీద మోస్తున్నారు.

కాబట్టి ‘ఊరి నడిబొడ్డు’ అనేది దూరాన్ని కొలిచే మాట కాదు. పల్లెలో కాదు, పల్లె పక్కన కాదు అని కొనేవాడికి ఇచ్చే భరోసా అది. ‘మంచి లొకాలిటీ’, ‘డీసెంట్ ఏరియా’, ‘ప్రశాంత వాతావరణం’ కూడా ఈ కోవలోవే. ప్రశాంతత అంటే లారీల మోత లేకపోవడం అనుకుంటే పొరపాటు. హైవే పక్కనున్న వెంచర్‌కు కూడా ప్రశాంత వాతావరణమనే రాస్తారు. అక్కడ లేనిది మోత కాదు, మనుషులు.

ప్రకటనలు ఏ గుర్తులు చెబుతాయో గమనించండి. గుడి ఇంత దూరం, స్కూలు ఇంత దూరం, బస్టాండు, బ్యాంకు, హైవే ఇంత దూరం అని లెక్క కడతాయి. ఆ ప్లాట్లకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది పల్లె అయినా సరే, దాని పేరు చెప్పరు. జనం రోజూ “అంబేద్కర్ బొమ్మ కాడ దిగు” అని దారి చెప్పుకుంటారు. బ్రోచర్‌లోని రూటు మ్యాపులో మాత్రం ఆ బొమ్మ ఉండదు. మేము చూసినంతలో దీనికి మినహాయింపులు చాలా తక్కువ. కనబడే విగ్రహాన్ని మ్యాపులోంచి తీసేయడం అచ్చు తప్పు కాదు. ఆ పేరు పడితే అంకణం ధర తగ్గుతుందన్న వ్యాపారపు లెక్క అది.

‘కాలనీ’ నుంచి ‘ఎన్‌క్లేవ్’ దాకా

‘కాలనీ’ అన్న ఒక్క మాట చాలు, భాషలో కులం ఎలా పనిచేస్తుందో తెలియడానికి. ఎన్జీవో కాలనీ, టీచర్స్ కాలనీ అంటే గౌరవం. ఉత్త ‘కాలనీ’ అంటే, “వాళ్లు కాలనీ వాళ్లు” అంటే, ఇంకేమీ అడగక్కర్లేదు. ప్రభుత్వాలు హరిజనవాడ పేరు మార్చి కాలనీ అన్నాయి. వాడకు అంటిన మైల కొత్త పేరుకూ అంటుకుంది. పేరు మారినా దూరం మారకపోతే జరిగేది ఇదే.

ఈ సంగతిని వేరే రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. మహారాష్ట్ర 2020 డిసెంబరులో కులాల పేర్లున్న బస్తీల పేర్లు మార్చాలని నిర్ణయించింది. కేరళలో 2024 జూన్‌లో అప్పటి మంత్రి కె. రాధాకృష్ణన్ ఎంపీగా ఎన్నికై పదవి వదిలే ముందు, ఎస్సీ ఎస్టీ నివాసాలను కాలనీ అని పిలవొద్దని ఉత్తర్వు ఇచ్చారు. తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వ రికార్డుల నుంచి కాలనీ అన్న మాట తొలగిస్తామని అసెంబ్లీలో ప్రకటించారు. ఆ మాట అంటరానితనానికి గుర్తుగా మారిందని కారణం కూడా చెప్పారు. అల్లూరు ఒకప్పుడు ఉన్న మద్రాసు రాష్ట్రంలోని మిగతా భాగం చేసిన పని మన దగ్గర ఎందుకు చర్చకు కూడా రాలేదు?

రియల్ ఎస్టేట్ వ్యాపారి ఈ చర్చ కోసం ఆగలేదు. తన వెంచర్‌కు కాలనీ అన్న మాటే పెట్టడు. ఎన్‌క్లేవ్, అవెన్యూ, గ్రీన్ సిటీ, టౌన్‌షిప్ అంటాడు. ఒక అడుగు ముందుకేసి ‘అగ్రహారం’ అనేవాళ్లూ ఉన్నారు. బెంగళూరు దగ్గర బ్రాహ్మణులకు మాత్రమే అంటూ ‘శంకర అగ్రహారం’ పేరుతో టౌన్‌షిప్ ప్రకటిస్తే పదేళ్ల కింద పత్రికల్లో పెద్ద వార్త అయింది. బహిరంగంగా చెప్పాడు కాబట్టి అది వార్త. చెప్పకుండా చేసేది వార్త కాదు, అది మామూలు వ్యాపారం.

‘మంచి ఫ్యామిలీ’కి ఫోన్ చేస్తే

అద్దె ఇళ్ల దగ్గరికి వద్దాం. ‘మంచి ఫ్యామిలీకి’, ‘చిన్న కుటుంబానికి’, ‘పద్ధతి గలవాళ్లకు’, ‘ప్యూర్ వెజ్‌కి మాత్రమే’ అంటుంది టులెట్ బోర్డు. అసలు విషయం ఫోన్‌లో మొదలవుతుంది. కావలి, నెల్లూరు, తిరుపతి, హైదరాబాద్‌లలో చదువు కోసం గది వెతుక్కున్న మాలాంటి వాళ్లకు ఆ సంభాషణ కంఠతా వచ్చు. పూర్తి పేరేంటమ్మా? ఇంటిపేరు? ఏ ఊరు? అల్లూరులో ఎక్కడ? నాన్నగారు ఏం చేస్తారు? ఆదివారం ప్రార్థనకు పోతారా? ఇన్ని అడిగినా తేలకపోతే ఆఖరున గొంతు తగ్గించి, “మీరేమిటోళ్లు?”

జవాబు విన్నాక ఎవరూ తిట్టరు. “అయ్యో, పొద్దున్నే వేరేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చేశారమ్మా” అంటారు. లేదంటే “మాకేం పట్టింపుల్లేవు, కానీ పైపోర్షన్ వాళ్లు ఒప్పుకోరు” అంటారు. మరునాడు కూడా ఆ బోర్డు గేటుకే వేలాడుతూ ఉంటుంది. ఈ మర్యాదే ఇక్కడ ఆయుధం. తిడితే సాక్ష్యం మిగులుతుంది, మర్యాదగా పంపేస్తే ఏమీ మిగలదు.

వందేళ్ల కిందటి బరోడాలో ఇదే జరిగింది. విదేశాల్లో చదువుకుని సంస్థాన ఉద్యోగానికి వచ్చిన అంబేద్కర్‌కు ఊళ్లో ఇల్లు దొరకలేదు. పార్శీ సత్రంలో పార్శీ పేరుతో ఉండాల్సి వచ్చింది. సంగతి తెలిసి కర్రలు పట్టుకుని వచ్చినవాళ్లు ఆయన్ను వెళ్లగొట్టారు. తరవాత ఆయన ఒక హిందూ మిత్రుణ్ని, ఒక క్రైస్తవ మిత్రుణ్ని ఆశ్రయం అడిగారు. పనివాళ్లు వెళ్లిపోతారని ఒకరు, భార్యను అడగాలని మరొకరు తప్పించుకున్నారు. అభ్యంతరం తనది కాదు, ఇంకెవరిదో అని చెప్పడం అప్పటి నుంచీ ఉన్న పద్ధతే. ఇవాళ ఆ ‘ఇంకెవరో’ స్థానంలో పైపోర్షన్ వాళ్లు ఉన్నారు.

ఇది మా అనుభవం మాత్రమే కాదు. సుఖదేవ్ థోరట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ పరిసరాల్లో అద్దె ఇళ్ల మీద చేసిన అధ్యయనం 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. అగ్రకుల, దళిత, ముస్లిం పేర్లతో ఫోన్ చేయించారు, మనుషుల్ని నేరుగా కూడా పంపారు. అగ్రకుల పేర్లకు తలుపులు తెరుచుకున్నాయి. దళితులకు, అంతకన్నా ఎక్కువగా ముస్లింలకు తిరస్కారాలు, అదనపు షరతులు ఎదురయ్యాయి. త్రినా విథాయతిల్, గాయత్రీ సింగ్ హైదరాబాద్‌తో కలిపి దేశంలోని ఏడు మహా నగరాల వార్డుల జనాభా లెక్కలు పరిశీలించి 2012లో ఇంకో సంగతి తేల్చారు. ఆ నగరాల్లో మనుషుల నివాసాలను విడదీస్తున్నది ఆర్థిక స్థాయి కన్నా కులమే ఎక్కువ. “డబ్బుంటే ఎక్కడైనా కొనుక్కోవచ్చు” అనేవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

‘వెజ్ ఓన్లీ’ సంగతి మరీ విడ్డూరం. 2014 నాటి నమూనా నమోదు వ్యవస్థ బేస్‌లైన్ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు పైబడినవాళ్లలో నూటికి 98 మంది మాంసాహారులు. చేపల పులుసుకు పేరు పడ్డ జిల్లా మనది. ఇలాంటి చోట ‘వెజ్ ఓన్లీ’ అని రాసే ఇంటి ఓనర్లలో ఆదివారం కోడి కోయించేవాళ్లు కూడా ఉన్నారు. అంటే అది తిండి గురించిన షరతు కాదు. గొడ్డుమాంసం తినేవాళ్లు రావొద్దు అనడానికి అది దొడ్డిదారి. మాల, మాదిగ, ముస్లిం అని మూడు మాటలు రాయాల్సిన చోట ఒక్క మాటతో పని జరిగిపోతుంది.

నేలకు కూడా వర్ణం ఉంది

‘నూరు శాతం వాస్తు’ అన్నది అందరూ మామూలుగా తీసుకునే మాట. దళితులు కూడా ఇల్లు కట్టుకుంటే వాస్తు చూపించుకుంటున్నారు. కానీ వాస్తు గ్రంథాలు ఏం చెప్పాయో తెలుసుకోవడం మంచిది. వరాహమిహిరుడి బృహత్సంహిత నేల రంగును వర్ణానికి ముడిపెట్టింది. తెలుపు బ్రాహ్మణుడికి, ఎరుపు క్షత్రియుడికి, పసుపు వైశ్యుడికి, నలుపు శూద్రుడికి. ఊళ్లో ఏ దిక్కున ఏ వర్ణం ఉండాలో కూడా పంచింది. ఆ నాలుగు దిక్కుల్లో పంచముడికి దిక్కు లేదు. ఊరు బయట ఉండాల్సినవాడికి ఊళ్లో దిక్కు ఎందుకని ఆ శాస్త్రం ఉద్దేశం.

ఇవాళ వాస్తు అడిగే ప్రతి మనిషీ దీన్ని నమ్ముతున్నాడని మేము అనడం లేదు. కానీ ‘ఫలానా దిక్కు పల్లె ఉంది, గాలి ఇటు కొడుతుంది, కలిసిరాదు’ అనే మాట ప్లాటు చూడబోయినప్పుడు వినబడుతుంది. కులం గురించి మాట్లాడడానికి సిగ్గుపడే మనిషి దిక్కు గురించి ధైర్యంగా మాట్లాడగలడు. ఆ సౌకర్యం కోసమే ఈ భాష.

‘క్లియర్ టైటిల్’ వెనక ఎవరి నేల?

ఇప్పటిదాకా చెప్పింది మనల్ని కొనుగోలుదారులుగా, అద్దెదారులుగా బయట ఉంచే భాష. రెండో భాష ఉంది. అది మన నేలను మన చేతుల్లోంచి బయటకు పంపుతుంది. తీరంలో ప్రస్తుతం ప్రమాదం దీనితోనే ఎక్కువ.

దళితులకు, యానాదులకు ఈ ప్రాంతంలో ఉన్న నేలలో పెద్ద భాగం ప్రభుత్వం పంచిన డీకేటీ భూమి. 1890ల్లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ నివేదిక తరవాత మద్రాసు ప్రెసిడెన్సీలో అణగారిన కులాలకు షరతులతో భూమి ఇవ్వడం మొదలైంది. నెల్లూరు ఆ ప్రెసిడెన్సీలోని జిల్లాయే. ఆ తరవాతి ప్రభుత్వాలూ భూమిలేని పేదలకు పట్టాలు ఇచ్చాయి. ఆ భూమి జారిపోతోందనే 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం, అంటే 9/77 చట్టం వచ్చింది. దాని 3వ సెక్షన్ ప్రకారం అలాంటి భూమి అమ్మకం చెల్లదు. 4వ సెక్షన్ ప్రకారం ఆ భూమిని వెనక్కి తీసుకుని అసలు పట్టాదారుకో వారసులకో తిరిగి ఇచ్చే వీలుంది. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షన్ కింద ఈ సర్వే నంబర్లు నిషేధిత జాబితాలో ఉంటాయి.

2023లో ఈ చట్టాన్ని సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన భూములకు అమ్ముకునే హక్కు కల్పించారు. అదే ఏడాది మే 12న కావలిలోనే చుక్కల భూముల మీద పూర్తి హక్కులిచ్చే కార్యక్రమం పెట్టారు. హక్కు వచ్చింది మంచిదే. పేదవాడి భూమికే ఎందుకు సంకెళ్లు అన్న ప్రశ్న మనమూ అడిగాం. కానీ హక్కు వచ్చిన రోజు నుంచీ ‘ఫ్రీహోల్డ్’ అన్న మాట దళారుల నోట మంత్రమైంది. 2024లో ప్రభుత్వం మారాక ఫ్రీహోల్డ్‌లో అక్రమాలు జరిగాయంటూ ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణకు దిగింది. ఈ ఊగిసలాటలో నష్టపోయేది పట్టాదారే. రిజిస్ట్రేషన్ ఆగినా కొనుగోళ్లు ఆగవు. అగ్రిమెంటు కాగితాలు, నోటరీ సంతకాలు, పవర్ ఆఫ్ అటార్నీల మీద సాగిపోతాయి.

ఈ బేరంలో వాడే మాటలు చూడండి. పల్లెలో రైతు దగ్గరికి వచ్చినప్పుడు దళారి నోట “డీకేటీ గదా, దానికి విలువేముంది, పోర్టుకు గవర్నమెంటు ఊరికే తీసేసుకుంటది, నాలుగు రాళ్లు వచ్చినప్పుడే ఇచ్చేయ్” ఉంటుంది. ఆ నేలే లేఅవుటై నెల్లూరులో కొనేవాడి ముందుకు వెళ్లినప్పుడు “క్లియర్ టైటిల్, లింకు డాక్యుమెంట్లు రెడీ, పోర్టుకు కూతవేటు దూరం” అవుతుంది. నేల ఒకటే, పోర్టు ఒకటే. ఒకరికి భయం చూపడానికి, ఇంకొకరికి ఆశ చూపడానికి ఆ పోర్టు పనికొచ్చింది. ఆ రెండు మాటల మధ్య తేడాయే లాభం.

‘ఊరికే తీసేసుకుంటది’ అన్నది అబద్ధం. చేవెళ్ల భూసేకరణ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే తేల్చింది. అసైన్డ్ భూమిని తీసుకున్నా సొంత పట్టా భూమితో సమానంగా మార్కెట్ ధర పరిహారం ఇవ్వాల్సిందే. ఈ తీర్పు వచ్చి రెండు దశాబ్దాలైంది. పల్లెకు అది చేరలేదు కాబట్టే దళారి మాట చెల్లుతోంది. అమరావతిలో అసైన్డ్ భూములను ఇలాంటి భయం పెట్టే చౌకగా కొన్నారన్న ఆరోపణలు కేసుల దాకా వెళ్లిన సంగతి అందరికీ తెలిసిందే. ఉలవపాడు మండలం కరేడులో 2025లో జనం రోడ్డెక్కింది కూడా వేల ఎకరాల భూసేకరణ మీదే.

తొమ్మిది అంకణాల లెక్క

నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు. సెంటుకు ఆరు అంకణాల పైచిలుకు. 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో పల్లె పేదలకు సెంటున్నర, పట్టణ పేదలకు సెంటు ఇచ్చారు. అంటే పల్లెలో తొమ్మిది అంకణాలు, పట్టణంలో ఆరు. దాదాపు 30 లక్షల పట్టాలంటే మామూలు సంగతి కాదు. ఆడవాళ్ల పేరు మీద ఇవ్వడం ఇంకా మంచిది. కానీ ఎక్కడ ఇచ్చారన్నది కూడా అడగాలి. ఊరి మధ్య నేల ఖరీదు కాబట్టి ఊరికి దూరంగా, పల్లంలో దొరికిన చోట లేఅవుట్లు వేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఊరి బయట ఉన్నవాళ్లకు ఊరి బయటే ఇంకో వాడ కట్టినట్టు అయింది.

మరో పక్క ప్రైవేటు వెంచర్ ‘గేటెడ్, కాంపౌండ్ వాల్, 24 గంటల సెక్యూరిటీ’ అంటుంది. ఆ గోడ ఎవరి నుంచి భద్రత? మదురై జిల్లా ఉత్తపురంలో దళితుల దారికి అడ్డంగా కట్టిన గోడలో కొంత భాగాన్ని 2008 మేలో కూల్చారు. మేట్టుపాళ్యం దగ్గర నడూరులో 2019 డిసెంబరులో ఒక ప్రైవేటు ప్రహరీ కూలి పక్కనున్న దళితుల ఇళ్ల మీద పడి 17 మంది చనిపోయారు. వాటిని గోడలన్నారు, పోరాడారు. ఇవాళ్టి గోడకు ‘సదుపాయం’ అని పేరు పెట్టి అంకణానికి ఇంత అని అదనంగా వసూలు చేస్తున్నారు. గోడ లోపల ఇళ్లు ఊడ్చడానికి, కాలవలు తీయడానికి మాత్రం పక్క పల్లె నుంచే మనుషులు కావాలి.

చట్టం ఉంది, వాడినవాళ్లు లేరు

ఇంతకీ ప్రకటనలు కులాన్ని ఎందుకు దాచిపెడతాయి? బహిరంగంగా రాస్తే ఇబ్బంది వస్తుందన్న భయం ఉంది కాబట్టి. ఆ భయం దళిత ఉద్యమాలు సాధించుకున్నది. దాన్ని నిజం చేసే పని మాత్రం మిగిలిపోయింది.

1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్ చదవండి. బావి, హోటలుతో పాటు, ఏ ప్రాంతంలోనైనా నివాస గృహం కట్టుకోవడం, సంపాదించుకోవడం, అందులో ఉండడం విషయంలో అంటరానితనం కారణంగా అడ్డంకి పెడితే నేరమని అందులో ఉంది. 7వ సెక్షన్ మాటల ద్వారా, రాతల ద్వారా, గుర్తుల ద్వారా అంటరానితనాన్ని ప్రోత్సహించడం నేరమంటుంది. టులెట్ బోర్డు రాతే కదా. ఇక 12వ సెక్షన్ మరీ ముఖ్యం. బాధితులు ఎస్సీలైతే ఆ పని అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు భావించాలి, కాదని నిరూపించుకోవాల్సింది నిందితుడు. శిక్ష చిన్నదే, నెల నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి ఐదొందల జరిమానా. కానీ “అడ్వాన్స్ ఇచ్చేశారు” అన్న మర్యాదను ప్రశ్నించే తలుపు అక్కడ ఉంది.

అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, వ్యాపారం చేయడానికి, సేవలు అందించడానికి నిరాకరించడాన్ని ఆర్థిక బహిష్కరణ నిర్వచనంలో చేర్చింది. సామాజిక, ఆర్థిక బహిష్కరణలను నేరం చేసింది. దళితుల, ఆదివాసుల భూమిని అన్యాయంగా ఆక్రమించినా, బదిలీ చేయించుకున్నా, వాళ్లను భూమి నుంచి వెళ్లగొట్టినా 3(1) సెక్షన్‌లోని ఎఫ్, జి క్లాజులు వర్తిస్తాయి.

రాజ్యాంగం 15(2) అధికరణంలో దుకాణాలు, హోటళ్లు ఉన్నాయి కానీ ఇళ్లు లేవని వాదించేవాళ్లున్నారు. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో ఈ అధికరణం మీద చర్చ జరిగింది. అక్కడ దుకాణం అన్న మాటను విశాలమైన అర్థంలో, ప్రజలకు సేవ అందించే ఏ చోటికైనా వర్తించేలా వాడామని అంబేద్కర్ వివరణ ఇచ్చారు. అంటరానితనం రద్దు అధికరణం కూడా ఆ రోజే ఆమోదం పొందింది. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆ వివరణనే ఆధారం చేసుకుని ప్రైవేటు విద్యాసంస్థలకు 15(2)ను వర్తింపజేసింది. ప్లాట్లు వేసి జనానికి అమ్మే వెంచర్ ఆఫీసు దుకాణం కాకుండా ఎలా పోతుంది? అయితే 2005లో జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వాన్ని తమ సమూహానికే పరిమితం చేసుకునే హక్కు సహకార సంఘానికి ఉందని సుప్రీంకోర్టే చెప్పింది. మన వాదన ఈ రెండు తీర్పుల మధ్య దారి చేసుకోవాలి.

2016 నాటి రెరా చట్టం ప్రకటనల్లో అబద్ధాలకు పరిహారం ఇప్పిస్తుంది, రిజిస్ట్రేషన్ నంబరు వేయమంటుంది. కుల వివక్ష మీద అందులో ఒక్క ముక్క లేదు. అమెరికాలో 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతిని బట్టి ఎంపిక సూచించే ఇంటి ప్రకటన అచ్చువేయడాన్నే నిషేధించింది. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులాన్ని కూడా వివక్ష నిషేధ చట్టంలో చేర్చింది, ఇళ్లకూ అది వర్తిస్తుంది. సియాటిల్‌లో ఇల్లున్న మన తెలుగాయన అక్కడ అద్దెకొచ్చినవాణ్ని కులం బట్టి తిప్పి పంపితే ఆ చట్టం కింద ఫిర్యాదు ఎదుర్కోవాలి. ఆయనే అల్లూరులో ఉన్న తన ఇంటికి ఆ పని నిశ్చింతగా చేయొచ్చు.

చేయాల్సిన పని

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి వెళ్లగొట్టినప్పుడు రోహిత్ వేముల, అతని మిత్రులు 2016 జనవరిలో తమ డేరాకు వెలివాడ అని పేరు పెట్టారు. దాచిన మాటను బయటికి తెచ్చి పలకడం ఎంత పదునైన పనో అది చూపించింది. ప్రకటనల విషయంలోనూ మొదటి పని అదే.

విద్యార్థి సంఘాలు టులెట్ బోర్డుల, ప్రకటనల ఫొటోలు తేదీతో, చోటుతో దాచిపెట్టాలి. తిరస్కరించిన ఫోన్ సంభాషణలు భద్రం చేయాలి. ఒకే ఇంటికి రెండు పేర్లతో ఫోన్ చేసి చూసే పద్ధతి థోరట్ బృందం చూపించింది. దాన్ని కావలిలో, నెల్లూరులో చేయడానికి పెద్ద నిధులు అక్కర్లేదు, నలుగురు మనుషులు, ఒక నోటుబుక్కు చాలు. ఆధారం ఉన్నచోట పౌరహక్కుల చట్టం కింద ఫిర్యాదు ఇవ్వాలి. పోలీసులు తీసుకోకపోతే రాష్ట్ర ఎస్సీ కమిషన్ ఉంది, అత్యాచారాల జాతీయ హెల్ప్‌లైన్ 14566 ఉంది. ఒక్క కేసు నిలబడినా బోర్డులు రాసేవాళ్ల చెయ్యి ఆగుతుంది.

పల్లెల్లో పని చేసే కార్యకర్తలు భూమి వైపు చూడాలి. మీభూమిలో అడంగల్, 1-బి తీయించి ప్రతి ఇంటికీ ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 22-ఎ జాబితా, ఈసీ చూసుకోవడం నేర్పించాలి. డీకేటీ భూమికీ పూర్తి పరిహారం వస్తుందన్న ఒక్క మాట గోడల మీద రాసినా దళారి బేరం సగం చెడుతుంది. కొత్త వెంచర్ పడినప్పుడు ఆ సర్వే నంబర్లు ఎవరి పేరు మీద ఉండేవో పాత అడంగళ్లలో వెతకాలి.

ప్రభుత్వాన్ని అడగాల్సినవీ స్పష్టంగానే ఉన్నాయి. ఇళ్లు, స్థలాల ప్రకటనల్లో కులాన్నీ మతాన్నీ తిండినీ షరతు చేయడాన్ని నిషేధిస్తూ రాష్ట్రం చట్టం చేయాలి. లేఅవుట్ అనుమతి ఇచ్చేటప్పుడు నుడా లాంటి సంస్థలు, రిజిస్ట్రేషన్ ఇచ్చేటప్పుడు రెరా, కులం కారణంగా ఎవరికీ ప్లాటు నిరాకరించబోమని కంపెనీ నుంచి రాతపూర్వక హామీ తీసుకోవాలి. ఫ్రీహోల్డ్ విచారణ త్వరగా ముగించి, అసలు పట్టాదారులకు భూమి దక్కేలా చూడాలి. ప్రభుత్వ ఇళ్ల స్థలాలు ఊరికి ఆనుకునే ఇవ్వాలి.

పోర్టు వస్తుంది, రోడ్లు పడతాయి, అల్లూరు పెరుగుతుంది. పెరిగే అల్లూరులో పల్లె కూడా ఊరవుతుందా, లేక పల్లె ఇంకొంచెం అవతలికి జరుగుతుందా అన్నది ఇంకా తేలలేదు. తేలేలోపే ఆ ఫ్లెక్సీల మీది మాటలను చదివి, వాటి అర్థం గట్టిగా అడగాలి. “మంచి ఫ్యామిలీ అంటే ఎవరండీ?” అని బోర్డు మీది నంబరుకు ఫోన్ చేసి అడగడంతో ఎవరైనా ఈ పని మొదలుపెట్టవచ్చు.